ఇద్దరికీ సున్నా

బాలరాజు రెండు జవాబు పత్రాలను పక్కపక్కన పెట్టి మళ్లీ చూశాడు. అనుమానం లేదు. ఒకదాన్ని చూసి ఇంకొకటి రాశారు.

పదో తరగతి, శ్రేఢుల పాఠం, స్లిప్ టెస్టు. పద్దెనిమిదో పదం కనుక్కోమన్న లెక్క. జవాబు నూట పది. లెక్క పూర్తి చేసినవాళ్లందరికీ నూట పదే వచ్చింది. రోజారాణికి, సింధుజకి మాత్రం నూట ఇరవై. ఇద్దరూ ఒకేచోట, పదిహేడుని ఆరుతో హెచ్చవేసే దగ్గర, నూట రెండుకు బదులు నూట పన్నెండు వేశారు. మెట్లు ఒకటే. చివర గీసిన గీత కూడా ఒకటే.

సిద్దిపేటలోని ఆ ఉన్నత పాఠశాలలో ఆయన లెక్కల సారు. బడి తెరిచిన రోజే పిల్లల చేత నియమాలు రాయించి, ఇంట్లో చూపించి రమ్మన్నాడు. గంట మోగాక వస్తే బయటే. నోటుబుక్కు దిద్దించుకోకపోతే దానికుండే అయిదు మార్కులు పోయినట్టే. లెక్కను బోర్డు మీద చేసినట్టే, ఒక్క మెట్టు వదలకుండా చేయాలి. సొంత తెలివి చూపిస్తే మార్కుల్లేవు. చూసి రాస్తే చూసినవాళ్లకీ సున్నా, చూపించినవాళ్లకీ సున్నా. ఇంటర్నల్ మార్కులు ఇరవైకి ఇరవై పంచిపెట్టేవాళ్లున్నారు. తాను మాత్రం అర మార్కు కూడా ఊరికే వేయనని ఆయనకు గర్వం.

అయినా ఈసారి మనసు బాగాలేదు. రోజారాణి క్లాసులో అందరికంటే ముందుండే పిల్ల.

ఇద్దరినీ స్టాఫ్‌రూమ్‌కి పిలిచాడు.

"ఎవరు ఎవర్ని చూసి రాసిన్రు?"

"నేను చూడలే సార్. మీరు చెప్పినట్టే రాసిన," అంది రోజారాణి.

"నేను గూడ సార్," అంది సింధుజ.

సింధుజ హాస్టల్ పిల్ల. కాస్త గట్టిగా మాట్లాడితే కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. ఆమెది ముందు బెంచీ, రోజారాణిది గోడవారన నాలుగో బెంచీ. ఎలా చూసి రాశారో ఆయనకు అంతుపట్టలేదు. కానీ కాగితాలు అబద్ధం చెప్పవు కదా! ఇద్దరికీ సున్నా వేసి, పత్రాలు తిరిగివ్వకుండా బీరువాలో పెట్టి తాళం వేశాడు.

మర్నాడు రోజారాణి తండ్రి ఎల్లన్నను పిలిపించాడు. ఎల్లన్న మగ్గం నేస్తాడు. చేతులు కట్టుకుని అంతా విన్నాడు. కూతురి వైపు తిరిగాడు.

"చూసి రాసినవా బిడ్డా?"

"లేదు బాపూ. సార్ చెప్పినట్టే రాసిన."

"అంటే సార్ అబద్ధం చెప్తున్నరా?"

రోజారాణి తల దించుకుంది.

"మా ఇంటావంటా దొంగతనం లేదు సార్." ఎల్లన్న చేతులు జోడించాడు. "చేసి గూడ చెయ్యలేదంటుంది. గిసొంటి సదువు మాకొద్దు."

ఆ మరుసటి రోజు నుంచి రోజారాణి బడికి రాలేదు.

హాజరు పిలుస్తూ ఆమె పేరు దగ్గరికి వచ్చేసరికి బాలరాజు రోజూ ఒక్క క్షణం ఆగేవాడు. పిల్లలు బల్లల వైపు చూసేవాళ్లు. వారం గడిచింది. పరీక్షలు దగ్గరపడ్డాయి.

ఎనిమిదో రోజు సింధుజ వచ్చి స్టాఫ్‌రూమ్ తలుపు పట్టుకుని నిలబడింది.

"నేనే చూసి రాసిన సార్. రోజారాణికి తెల్వది. ఆమెను రమ్మనుండ్రి."

"ముందు బెంచీల కూసొని ఎనకున్నదాన్ని ఎట్ల చూసినవే?"

"ఎనకకు తిరిగి చూసిన."

టెస్టు రాసినంతసేపూ ఆయన ఆమెకు ఎదురుగానే నిలబడ్డాడు. ఆమె తల తిప్పిన గుర్తు లేదు. అయినా ఇంకేమీ అడగలేదు. గుండె మీది బండ దిగినట్టయింది. బడి విడిచిపెట్టగానే బండి తీసి ఎల్లన్న ఇంటికి బయల్దేరాడు.

మగ్గం పక్కన కూర్చుని రోజారాణి నూలు కండెలు చుడుతోంది. సారును చూసి లేచి నిలబడింది. ఎల్లన్న గబగబా కుర్చీ తెచ్చి వేశాడు.

"సింధుజ ఒప్పుకున్నది," అన్నాడు బాలరాజు. "నీ తప్పేం లేదు. నీ మార్కులు నీకిస్త. రేపు బడికి రా."

రోజారాణి మొహంలో సంతోషం కనిపించలేదు.

"అది నా దిక్కు చూడలే సార్. నా కోసమని గట్ల చెప్పింది."

"సార్ మాఫ్ చేసి ఇంటి దాకా వస్తే, మళ్ల మొదలు వెట్టినవా?" కసిరాడు ఎల్లన్న.

"మరి ఇద్దరికి ఒకటే తప్పు ఎట్ల వచ్చింది?" బాలరాజు గొంతు పెరిగింది.

"తప్పా? ఏం తప్పు సార్?"

అప్పుడు తట్టింది ఆయనకు. ఆ తప్పేమిటో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

"పదిహేడార్లు ఎంత?"

"నూట రెండు."

"మరి నూట పన్నెండని ఎందుకు రాసినవ్?"

రోజారాణి పెదాలు కదుపుతూ ఎక్కాన్ని మరోసారి లోపల్లోపల చదువుకుంది. ఆమె ముఖం పాలిపోయింది. లోపలికి వెళ్లి, లెక్కల నోటుబుక్కు తెచ్చి, ఒక పేజీ తీసి ఆయన చేతికిచ్చింది.

పైన తేదీ, దాని కింద టెస్టులో ఇచ్చిన అదే లెక్క ఉన్నాయి. ఆ రోజు ఆయనకు బాగా గుర్తు. తెల్లవారుజాము నుంచీ కుండపోత వాన. ఊళ్ల నుంచి బస్సులు రాలేదు. ముప్పై నలుగురిలో క్లాసుకు వచ్చింది ఇద్దరే, దగ్గరి గల్లీ నుంచి రోజారాణి, హాస్టల్ నుంచి సింధుజ. పాఠం వెనకబడుతుందని వాళ్లిద్దరికే లెక్క చెప్పి, మిగిలినవాళ్లను తర్వాత గైడు చూసి రాసుకోమన్నాడు.

ఆయన ఆ రోజు బోర్డు మీద వేసిందే, ఒక్క అంకె తేడా లేకుండా, నాలుగో వరుసలో పదిహేడార్లు నూట పన్నెండని ఉంది, దాని పక్కనే ఎర్రసిరాతో ఆయన పెట్టిన టిక్కుతో సహా.