అవసరాన్ని బట్టి వాడుకో

“ఈ ఏఐకి బుర్ర ఉండాదా? వాన తగ్గినాక పంపించండి అన్నాడు బొమ్మిడి సీనప్ప. ఇదేమో ఆర్డరునే రద్దు చేసి పారేసింది!”

చింతపండు మండీలో కంప్యూటర్ వైపు ఉమ్మేసేలా చూశాడు రాజగోపాలన్. తండ్రి కాలం నాటి బేరం చేజారేలా ఉంది.

కొడుకు ముకేష్ తెర చూపించాడు. “దాని చేతికి రెండు పనిముట్లు ఇచ్చినాము నాయినా. ఒకటి ఆర్డరును వాయిదా వేస్తుంది, ఒకటి రద్దు చేస్తుంది. ఏది ఎప్పుడు వాడాల్నో చెప్పమంటే, రెండింటికీ ‘ఆర్డరు ఆపేదానికి. అవసరాన్ని బట్టి వాడుకో’ అనే రాయించినావు.”

“తెలివుండేదానికి అది చాలదా? మీ అమ్మను చూడు. ‘చూసి చెయ్యవే’ అంటే చాలు, అన్నీ అర్థం చేసుకుంటాది.”

కాఫీ తెచ్చిన కమలవేణి నవ్వింది. “అర్థమయిందని ఎవురు చెప్పినారు? తప్పు చేసినప్పుడంతా మీ తిట్లు తిని నేర్చుకున్నాను. అది మీ పెండ్లాం కాదు కదా, పడేదానికి.”

రాజగోపాలన్ నోటి దాకా వచ్చిన తిట్టు అక్కడే ఆగిపోయింది. కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

“రాయిరా. వద్దని ఆర్డరిచ్చిన పార్టీ నోరు తెరిచి చెప్తే తప్ప రద్దు చెయ్యకూడదు. సీనప్పకు నేనే ఫోన్ చేసి తప్పు ఒప్పుకుంటాను.”

కమలవేణి వెనుదిరిగింది.

“ఏమే, రాత్రికి చూసి...” అని ఆగి, గొంతు తగ్గించాడు. “రాగి సంగటి చేస్తావా?”