నడుం బెల్టు

ముసలాయన దభీమని పడితే, వెంటనే ఫోనుకి కబురు పంపేలా కొడుకు కనిపెట్టిన యంత్రం కిక్కురుమనలేదట అని పక్కింటావిడ వీధంతా టముకేసింది. ఆ మాట చెవినపడగానే ఇంజనీరుగారు చెప్పులైనా విప్పకుండా ఇంట్లోకొచ్చి ఫోను తెరిచాడు.

“తప్పు యంత్రానిది కాదమ్మా. నాన్న ఛాతీ మీది పట్టీ, కాలి పట్టీ తమ కబుర్లు దగ్గరున్న నడుం బెల్టుకిస్తాయి. బెల్టే అన్నీ మూటగట్టి ఫోనుకి చేరుస్తుంది. దూరానికి కేకెయ్యక్కర్లేదు కనక వాటికి ఛార్జింగ్ ఆదా.”

“మరి బెల్టుకో?” కూరగాయలు తరుగుతూనే అడిగింది తల్లి.

“దాని ఛార్జింగ్ కాస్త ముందే అయిపోతుంది. మొన్న పొద్దున తొమ్మిదింటికి అయిపోయింది. అందుకే నాన్న పడ్డ సంగతి నాకు రాలేదు.”

“అందరి బరువూ ఒక్కదాని నెత్తిన పడేసి, దాన్ని ఆదా అంటారా మీ చదువుల్లో? బాగుంది నాయనా!”

“మొత్తం మీద చూడాలమ్మా. నీకర్థం కాదులే.”

ఆ తెలివికే ఆఫీసులో అతనికి చప్పట్లు కొట్టారు. వంటింట్లో కూర్చున్నావిడకి ఏం తెలుస్తుంది?

అంతలో పెద్దాయన పేపరు మడుచుకుంటూ వచ్చాడు. “నేను పడ్డమేంట్రా? ఎప్పుడు? మొన్న పొద్దున నేను మేడ మీద మొక్కలకి నీళ్లు పోస్తున్నాను.”

కొడుకు ఫోనులోంచి తలెత్తాడు. “మరి పక్కింటికి వినబడ్డ చప్పుడు?”

తల్లి కత్తిపీట పక్కన పెట్టి జాకెట్టు చెయ్యి పైకి లాగింది. మోచెయ్యి నల్లగా కమిలిపోయి ఉంది.

“పడింది నేను. నీ బెల్టు చచ్చిందని, మీ నాన్న నడుం నుంచి విప్పి ప్లగ్గు దగ్గరికి పరిగెడుతూ పడ్డాను.”