ఇంకాస్త సన్నగా

"ఆ మిషన్ ఒక్కసారి ఆపుతారా?"

కాఫీ గింజలు పట్టే మిషన్ రొదలో ఆ మాట దుకాణదారుకు వినపడలేదు. కొత్తావిడ గొంతు పెంచి మళ్లీ అడిగింది.

ఆయన స్విచ్ ఆపాడు.

"నాకు చేత్తో తిప్పే మరలో పట్టివ్వండి. ఈ చప్పుడు నాకు పడదు."

ముప్పై దాటని మనిషి. తీరైన మొహం. గల్లా పెట్టె దగ్గర కూర్చున్న ఇల్లాలి కంట ముందు పడింది ఆ మొహమే.

"ఇంట్లో దేంట్లో కాస్తారమ్మా? దాన్నిబట్టి పట్టాలి," అన్నాడు దుకాణదారు. ఆ ప్రశ్న అడగకుండా ఆయన ఒక్క గింజ కూడా మరలో పోయడు.

కొత్తావిడ తడబడింది. "ఫిల్టర్‌లో."

"అయితే మరీ పిండిలా వద్దు. చిల్లులు మూసుకుపోయి డికాషన్ దిగదు."

ఆయన మర తిప్పుతుంటే ఆమె బల్లకు ఆనుకుని, కళ్లు మూసుకుని, తల ఒక పక్కకు వంచి నిలబడింది.

"ఇంకాస్త సన్నగా," అంది.

ఆయన మర బిగించి మళ్లీ తిప్పాడు.

"ఇంకాస్త."

ఇల్లాలికి ఒళ్లు మండింది. ఆయనకు పెద్ద ఆపరేషన్ అయి ఏడాది కూడా తిరగలేదు. ఇక దక్కడనుకున్న మనిషి దక్కాడు. ఆయన్ని మళ్లీ దుకాణంలో నిలబెట్టుకోవడానికి తను పడ్డ పాట్లు పగవాళ్లకు కూడా వద్దనుకుంటుంది. ఆయన దగ్గర ఎవరు తుమ్మినా కసురుతుంది.

కొత్తావిడ మర్నాడూ వచ్చింది.

"ఇవాళ మరగబెట్టి వడకట్టుకుంటాం," అంది.

ఆ మర్నాడు ఇంకో మాట. "గాజు కూజాలో పోసి పైనుంచి నొక్కుతారే, దానికి."

"దానికి రవ్వలా బరగ్గా ఉండాలమ్మా. సన్నగా పడితే కప్పులోకి మడ్డి దిగుతుంది."

"పరవాలేదు. సన్నగానే పట్టండి."

ఆమె వెళ్లాక దుకాణదారు నవ్వాడు. "కాఫీ అంటే ఎంత పిచ్చో చూడు!"

"కాఫీ మీదే పిచ్చయితే పొట్లం బల్ల మీద ఎందుకు మర్చిపోతుందండీ? అదిగో, నిన్నటిది అక్కడే ఉంది."

ఆయన పొట్లం వంక చూసి తల గోక్కున్నాడు.

పక్క కొట్టు దర్జీ వదినకు ఇంత సందు దొరికితే చాలు. "కళ్లు మూసుకుని మీ ఆయన ముందు అలా నిలబడుతుందేమిటే?"

"వాసన చూస్తుందట."

"కాఫీ వాసనా, మనిషి వాసనా? కనీసం అన్నయ్యా అని కూడా పిలవదు, గమనించావా?"

వదిన వేళాకోళానికే అంది. ఇల్లాలికి మాత్రం ఆ పూట అన్నం సహించలేదు. చావు నుంచి లాక్కొచ్చుకున్న మొగుణ్ణి ఎవత్తో ఎగరేసుకుపోతుందని ఆమెకు భయం పట్టుకుంది.

ఒకరోజు ఇల్లాలు గింజల సంచి కోసం లోపలి గదిలోకి వెళ్లింది. తిరిగొచ్చేసరికి మర తిరగడం లేదు. కొత్తావిడ బల్ల దాటి ఇవతలికి వచ్చేసింది. ఆమె అరచెయ్యి దుకాణదారు ఛాతీ మీద ఉంది.

ఆయన పొడి అంటిన చేతులు గాల్లో పెట్టుకుని కొయ్యబారిపోయాడు.

"చొక్కాకి పొడి అంటిందటే... దులుపుతోంది," అన్నాడు నసుగుతూ.

దులిపే చెయ్యి కదులుతుంది. ఆ చెయ్యి కదలడం లేదు.

ఇల్లాలి చేతిలోని సంచి జారి గింజలు నేలంతా దొర్లాయి. ఒక్క అంగలో వచ్చి ఆ చేతిని లాగి పడేసింది.

"సిగ్గు లేదూ? నీకు మొగుడు లేడా?"

"లేడక్కా."

"లేకపోతే నా మొగుడే దొరికాడా?"

వీధి వీధంతా గుమ్మం ముందు పోగైంది. కొత్తావిడ కళ్ల నీళ్లు తుడుచుకోలేదు. పైగా నవ్వింది. ఏడుపులో ఆ నవ్వేమిటో అర్థంకాక ఇల్లాలు ఇంకా రెచ్చిపోయింది.

"మళ్లీ ఈ గుమ్మం తొక్కావంటే కాళ్లు విరగ్గొడతాను!"

"తొక్కను. ఆయన్ని మాత్రం జాగ్రత్తగా చూసుకో అక్కా."

"నువ్వు చెప్పాలా నాకు?"

అంతే. ఆమె మళ్లీ రాలేదు. పీడ విరగడైందని ఇల్లాలు దర్జీ వదినకు కాఫీ పోసి మరీ చెప్పుకుంది.

ఆ వారంలోనే ఆయన్ని పరీక్షలకు ఆస్పత్రికి తీసుకెళ్లింది. ఆయన్ని లోపలికి పంపి, ఆపరేషన్ అయినప్పుడు అన్నాళ్లూ ఆయన్ని కనిపెట్టుకుని ఉన్న పెద్ద నర్సు ఆమెను పక్క గదిలోకి పిలిచి తలుపు వేసింది.

"మీ దుకాణానికి ఒకామె వస్తుండేదా అమ్మా?"

"ఇక్కడిదాకా కూడా వచ్చిందా ఆ మాయలాడి?"

నర్సు చెయ్యి అడ్డం పెట్టింది. "అంత మాట అనకండి. మీ వివరాలు మేం ఎవరికీ చెప్పకూడదు, చెప్పలేదు. మీ ఆయన మళ్లీ దుకాణం తెరిచాడని పేపర్లో పడింది కదా, అందులో ఆపరేషన్ జరిగిన రోజు చూసి తనే పోల్చుకుంది. నిన్న నా దగ్గరికొచ్చి, ఆయన బాగున్నాడు, ఇక నాకది చాలు అంది. ఊరు విడిచి వెళ్లిపోతోందట. ఎక్కడికని అడిగినా చెప్పలేదు."

ఇల్లాలికి లోపల ఏదో తెలుస్తోంది, తెలియకూడదని ఉంది.

"ఎవరు... ఎవరండీ ఆమె?"

నర్సు ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"మీ ఆయనలో కొట్టుకుంటున్నది ఆమె భర్త గుండె తల్లీ."