అన్నం తిన్నావా

నూకరత్నం భయమల్లా ఒక్కటే: ఒక్కపూట మాత్ర తప్పినా, కూతురు సిరికి పెట్టిన కొత్త కిడ్నీని ఒళ్లు ఒప్పుకోదని. ఆ వీధిలో ప్రతి ఇంటికీ అదే భయం. ల్యాబులో పెంచిన అవయవం లేని కొంపే లేదు. అందుకే జనం ఎదురుపడితే "అన్నం తిన్నావా?" అనడం మానేసి, "మాత్ర ఏసుకున్నావా?" అంటున్నారు.

"ఏసుకున్నాను పిన్నీ" అనేది సిరి. కొత్త కిడ్నీ బాగుందని చేతికున్న పట్టీ పచ్చగా వెలిగేది.

ఆ ఉదయం పిల్ల ముందుకు వంగి కూర్చుంది. "కడుపునొప్పమ్మా. ఈపులోకి పోతంది."

"బడి ఎగ్గొట్టడానికి ఏసాలా? పట్టీ పచ్చగానే ఉంది కదే!" అంటూనే నూకరత్నం వామునీళ్లు పట్టింది. సిరి అవీ కక్కేసింది. మంచం కింద గిన్నెలో రాత్రి అన్నం అలాగే ఉంది. నూకరత్నం పిల్లను ఆసుపత్రికి ఎత్తుకెళ్లింది.

"ఆ మాత్రే ఒంటికి పడలేదమ్మా. కడుపు వెనకుండే క్లోమం వాచింది. పట్టీ కిడ్నీని ఒక్కదాన్నే చూస్తుంది. మందు మారుస్తాం," అంది డాక్టరమ్మ. "పిల్ల సరిగ్గా తిని ఎన్నాళ్లయింది?"

నూకరత్నం వేళ్లు మడిచి లెక్కపెట్టబోయింది; మాత్రల పూటలే గుర్తొచ్చాయి. సెలైను ఎక్కుతున్న సిరి చెయ్యి పట్టుకుని, మంచం పక్కన కూర్చుంది.

మీ వీధిలోనూ ఓ సిరి ఉంటుంది. పట్టీ చూడకండి. వెళ్లి, అన్నం తిన్నావా అని ఒక్కసారి అడగండి.