నల్ల పిల్ల

అక్కా, నా వంకర రాతకూ తప్పులకూ ఏమీ అనుకోకు.

సైన్సు మాస్టారైన ఈయన పెంచే తెల్ల పావురాల గూట్లో నల్ల పిల్ల పుట్టింది. ఇంట్లో ఒకటే గోల.

"గూటికి తాళం ఉంది నాన్నా. ఇది ఉత్త యాదృచ్ఛికం. జీవులన్నీ ఇలా మారుతూ వచ్చినవే," అన్నారు ఈయన.

"నీ మొహం! దేవుడి నియమం లేకుండా ఈకైనా రంగు మారదురా," అన్నారు మామయ్యగారు.

వచ్చే ఆదివారం ఊళ్ళో సభ పెట్టి, ఆ పిల్లను చూపించి అందరి ముందూ వాదించుకుంటారట. "నువ్వేమంటావే?" అని నన్నడిగి, జవాబు వినకుండానే ఇద్దరూ నవ్వుకున్నారు.

మేత వేసేది నేనే, తాళంచెవి ఉండేదీ నా కొంగుకే. పక్కింటి వదిన పెంచే నల్ల పావురం గుడ్డు తెచ్చి గూట్లో పెట్టాను. వాదన బాగా ముదిరాక వదిన సభలో లేచి, తన పిల్లను తనకిచ్చెయ్యమంటుంది.

నా కడుపు పోయిన రోజు కూడా ఈయన యాదృచ్ఛికమనే అన్నారు. మామయ్యగారు దేవుడి నిర్ణయమన్నారు. ఆ పొద్దున వద్దంటున్నా వినకుండా, నా చేత పుస్తకాల పెట్టెలు మేడ మీదికి మోయించింది మాత్రం వాళ్ళిద్దరే.

చదవగానే దీన్ని కాల్చెయ్యి అక్కా.