నాలుగు వందల పన్నెండు లైన్లకు శాలువా

"పెద్దబాపూ, కోపం చెయ్యవు గద?" అంటూ షెరిన్ లాప్‌టాప్‌ని తన తండ్రి అన్న రాబిన్సన్ వైపు తిప్పింది.

టైపు చేసిన దశాంశ సంఖ్యల్ని కంప్యూటర్ చదవడానికి ఆయన చంద్రపూర్ గని ఆఫీసులో ఉండగా సొంతంగా రాసి, ఎవరైనా వాడుకోవచ్చని ఇరవై ఏళ్ల కిందట నెట్‌లో పెట్టిన కోడ్ అది. ఆ నాలుగు వందల పన్నెండు లైన్లూ తీసేసి, ఇప్పుడు అదే పని చేసే, అందరికీ సిద్ధంగా దొరికే ఫంక్షన్‌ని పిలిచే ఒక్క లైన్ పెట్టింది షెరిన్. ఇప్పటికీ ఆ కోడ్‌ని చూసుకునేది ఆయనే కాబట్టి, ఆయన సరేనంటేనే మార్పు ఖాయమవుతుంది.

"పాతదీ కొత్తదీ ఒక్క తీరుగనే చెప్తున్నయా?"

"కోటి సంఖ్యలిచ్చి చూసిన. ఒక్కదాంట్ల తేడా వచ్చింది." ఆమె గొంతు తగ్గింది. "తప్పు నీ దాంట్లనే ఉంది."

రాబిన్సన్ దిగ్గున లేచాడు. షెరిన్ లాప్‌టాప్‌ని తన వైపు లాక్కుంది.

"రోజీ! దొంగ దొరికిండే!" ఆయన గంతేసినంత పని చేశాడు. "తప్పుందని జర్మనీల ఉండే ఒకాయన రాసిండు. పదకొండేండ్ల సంది ఎతుకుతున్న. గీ పిల్ల పట్టేసింది!"

ఆయన భార్య రోజీ చేతిలో గరిటెతోనే వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. అప్పటికే ఆయన బీరువాలోంచి తన రిటైర్మెంట్ శాలువా తీసి షెరిన్ చేతిలో పెట్టాడు.

"మా గనిల రిటైరయ్యేటోనికి, ఆయన కుర్చీల కూసునేటోడే శాలువా కప్పుతడు. ఊఁ, కప్పు!"

పాత కోడ్‌కి సన్మానం కాబోలని షెరిన్ పగలబడి నవ్వుతూ శాలువాను లాప్‌టాప్ మీద పరవబోయింది.

"దానికి గాదే పిచ్చిదానా," రాబిన్సన్ నవ్వుతూ ఆమె ముందు తల వంచాడు. "నాకు."