గీత పడకూడదు

“లాగడం సంగతి తర్వాత. ఎలా ఆపుతావో అది చెప్పు,” అన్నాడు జయకర్.

అభిలాష్‌కి ఆ ప్రశ్న నచ్చలేదు. తిరువూరు బస్టాండు పక్కన తన కొత్త పికప్ వ్యానుకి ఆనుకుని, పావుగంటగా ఇంజను గొప్పలు చెబుతున్నాడు. ఎదురుగా ఉన్నది హైస్కూలు సైన్సు మాస్టారాయె, పరీక్ష పెట్టకుండా వదుల్తాడా?

“స్పోర్ట్స్ కారంటే ఎంతుంటది సార్? మీరే చెప్పారుగా, పన్నెండు వందల కేజీలని. ట్రాలీ తగిలించి రెడ్డిగూడెంలో ముప్పావుగంటలో దించేస్తా.”

“ట్రాలీతో కలిపితే అది నీ బండి కంటే బరువు. బ్రేకు వేస్తే వెనక నుంచి నిన్నే తోస్తుంది. మలుపులో అయితే పక్కకి పడేస్తుంది.”

“ఏం కాదు సార్. మొన్న కూలోళ్ళని పాతిక మందిని ఎక్కించుకుని విస్సన్నపేట మలుపు అరవైలో తిప్పా. ఒక్కళ్ళు కిక్కురుమంటే ఒట్టు.”

జయకర్ జేబులోంచి కాయితం తీసి అతని పేరు కొట్టేశాడు. ఆ కాయితంలో అది మూడో కొట్టివేత. మొదటివాడి బండికి టైర్లు అరిగిపోయాయి. రెండోవాడు పొద్దున పదింటికే మందు వాసన కొట్టాడు.

ఇక మిగిలింది హనుమయ్య. అరవై దాటిన రైతు, సొంత ట్రాక్టరు, సొంతంగా తోలుకుంటాడు. జయకర్ వెళ్ళేసరికి మామిడితోట గట్టు మీద కూర్చుని చుట్ట వెలిగించుకుంటున్నాడు.

“స్పోర్ట్స్ కారా? నా ట్రాలీలో పడుతుందా మాస్టారూ?”

“కొలిచానండి. పడుతుంది.”

“ఎవరిది?”

“మాకు బాగా కావలసినవాళ్ళది.”

“రెడ్డిగూడెంలో దానికేం పని?”

“అక్కడ చేలో పనుందండి.”

“ఫొటోలకేమోలే. ఈ మధ్య పెళ్ళి ఫొటోలకి దున్నపోతుల్ని కూడా తెస్తన్నారు.” హనుమయ్య నవ్వాడు. “ఎంతుంటుంది ఖరీదు?”

“కోటిన్నర అనుకోండి.”

నోటి దాకా వెళ్ళిన చుట్ట అక్కడే ఆగిపోయింది.

“పోయినేడు ఇలాగే తీసుకెళ్తూ ఒకడు విస్సన్నపేట మలుపులో ట్రాలీ బోల్తా కొట్టించాడండి,” అన్నాడు జయకర్. “వెనక ఏముందో, దాని విలువెంతో వాడికి పట్టలేదు. మామూలు లోడే అనుకున్నాడు. అందుకే ఈసారి ముందే చెప్పుకుంటున్నాను. చిన్న గీత కూడా పడకూడదు. పడిందంటే నేను తట్టుకోలేను.”

హనుమయ్య చుట్ట పక్కన పెట్టేశాడు.

“ట్రాలీకి బ్రేకు లేదు మాస్టారూ. పెట్టిస్తా. ఇంకేం చూడాలో చెప్పండి.”

జయకర్ చెప్పాడు. ట్రాక్టరుకీ ట్రాలీకీ మధ్య కొత్త పిన్ను, అది ఊడినా పట్టుకునేలా ఒక గొలుసు. వెనక డోరుకి గట్టి గొళ్ళెం. అడుగున మందంగా గడ్డి, దాని మీద గోనెపట్టాలు. వెనక ఎర్రలైటు. గంటకి ఇరవై దాటకూడదు. ఫోను జేబులోంచి తియ్యకూడదు.

“పిల్లనిచ్చేవాళ్ళు కూడా ఇన్ని ఆరాలు తియ్యరు కదయ్యా,” అన్నాడు హనుమయ్య. అన్నాడే గానీ, అన్నీ చేశాడు. మూడు రోజులు వెల్డింగు షాపు దగ్గరే కాపురం పెట్టాడు. మోటారుసైకిలేసుకుని రెడ్డిగూడెం దాకా వెళ్ళి, గుంటలెక్కడున్నాయో చూసుకుని వచ్చాడు. ఇసుక బస్తాలు వేసుకుని ఒకసారి మలుపు తిప్పి చూశాడు.

“ముప్పై ఏళ్ళుగా ఈ ట్రాలీలో ఎక్కించని సరుకు లేదు. ఇంత భయం ఎప్పుడూ పడలేదు,” అని భార్య వెంకాయమ్మతో చెప్పుకున్నాడు. “కోటిన్నరంటే మాటలా?”

అన్నీ సిద్ధమైన రోజు సాయంత్రం జయకర్ ఇంటికి రాగానే వాళ్ళమ్మ జోజమ్మ మోకాలికి నూనె రాసుకుంటూ అడిగింది.

“బండి కుదిరిందా?”

“కుదిరిందమ్మా. మంచి బండి.”

“మనిషో? నిదానమేనా?”

“నిదానం అయ్యాడు.”

జోజమ్మ నూనెసీసాకి మూత పెట్టింది. “రేపు తెలిస్తే తిడతాడేమోరా.”

“తిట్టనీ. తీసుకెళ్ళి దించాక ఎంత తిట్టినా పడతాను.”

మర్నాడు పొద్దున ఆరున్నరకే హనుమయ్య ట్రాక్టరు చర్చి ముందుకొచ్చి ఆగింది. ట్రాలీ కడిగి ఉంది. గడ్డి మెత్తగా పరిచి ఉంది. హనుమయ్య కూడా తలంటుకుని ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు. చర్చి గోడ పక్కన ఇరవై మందికి పైగా ఆడవాళ్ళు గుంపుగా నిలబడి ఉన్నారు. చేతుల్లో అన్నం క్యారేజీలు, భుజాల మీద పత్తి తీసే ఒడిగుడ్డలు. వాళ్ళలో ఇద్దరు ముగ్గురు ట్రాలీని చూసి సిలువ వేసుకున్నారు.

“కారు చూసిపోదామని పనికెళ్ళేవాళ్ళంతా ఆగినట్టున్నారే,” అన్నాడు హనుమయ్య. “కాస్త దూరం జరగండమ్మా. ఆ క్యారేజీలు తగిలి గీత పడిందంటే నా ప్రాణం మీదకొస్తది.”

ఎవరూ జరగలేదు. జయకర్ వెనక డోరు దించి, స్కూలు నుంచి తెచ్చిన ఎత్తుపీట మెట్టులా వేశాడు. అది కదలకుండా ఉందో లేదో కాలితో తొక్కి చూశాడు.

“కారేది మాస్టారూ?”

జయకర్ గుంపు వైపు తిరిగి చెయ్యి చాచాడు. ముందు నిలబడ్డ జోజమ్మ కుంటుకుంటూ పీట దగ్గరికి వచ్చింది.

“నువ్వు ముందెక్కమ్మా.”